గాలి అంకె లేని కాగితం

మాసిలామణి అన్న గురించి ఎవరైనా రాస్తారేమోనని చాలా ఏళ్ళు చూశాను. ఎవరూ రాయలేదు. కొండ మీది మా సూర్య పరిశీలన కేంద్రానికి వచ్చిపోయిన పెద్దవాళ్ళ మీద రాశారు. గుమ్మటం కట్టించిన తెల్లదొర మీద రాశారు. ఆఖరికి గుమ్మటంలో దూరి టెలిస్కోపు అద్దం పగలగొట్టిన కోతి సంగతి కూడా పేపర్లో పడింది. రోజూ పొద్దున్నే సూర్యుడి బొమ్మ గీసిన మనిషి మీద మాత్రం ఒక్క ముక్క లేదు. ఇక లాభం లేదని నేనే కలం పట్టుకున్నాను.

నా పేరు ఇరుళప్పన్. ఆ గుమ్మటం తలుపు తీయడం, వేయడం, పళ్ళచక్రాలకు నూనె పెట్టడం నా ఉద్యోగం. చీకటి దేవుడి పేరు పెట్టుకున్నవాడు సూర్యుడికి తలుపు తీయడమేమిటని ఆఫీసులో అందరూ నవ్వారు. ఆయన పేరు మీదా తక్కువ నవ్వలేదు. మాసిలామణి అంటే మచ్చలేని మణి. ఆయన పనేమో సూర్యుడి మీద మచ్చలు గీయడం.

ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. ఉదయం ఏడు దాటగానే, ఎండకు నేల కాగి గాలి వణకడం మొదలుపెట్టక ముందే, టెలిస్కోపులోంచి వచ్చే సూర్యబింబాన్ని ఒక కాగితం మీద పడనిస్తారు. కాగితం మీద ముందే ఎనిమిది అంగుళాల వృత్తం అచ్చువేసి ఉంటుంది. బింబం అందులో సరిగ్గా కూర్చుంటుంది. ఎక్కడ మచ్చ కనిపిస్తే అక్కడ పెన్సిలుతో గీయాలి. నల్లటి నడిమి భాగానికి ఒక పెన్సిలు, దాని చుట్టూ ఉండే బూడిద రంగు అంచుకు ఇంకోటి. అడుగున తేదీ, సమయం, గాలి అంకె, సంతకం. గాలి అంకె అంటే ఆ పూట గాలి ఎంత నిలకడగా ఉందో చెప్పే అంకె. ఐదు అంటే బింబం అంచు బ్లేడుతో కోసినట్టు ఉందని. ఒకటి అంటే మరుగుతున్న నీళ్ళలోంచి గిన్నె అడుగు చూసినట్టు ఉందని. మబ్బు పడితే వృత్తం ఖాళీగా వదిలేసి మధ్యలో 'మేఘం' అని రాసి సంతకం పెట్టాలి. మా తమిళ లెక్కలో వానలు పడే ఐప్పసి, కార్తిగై నెలల్లో ఇరవై రోజులు వరసగా మేఘమే. ఆ ఖాళీ కాగితాలను కూడా పారేయం, దాస్తాం. చూడలేకపోయామన్నది కూడా ఒక సమాచారమే అంటారు అన్న.

ఆయన తండ్రి బంగాళాదుంప చేలల్లో కూలీ. మిషన్ బడి ఫాదరు ఈయన లెక్కలు చూసి కాలేజీకి పంపాడు. పీయూసీ దాకా చదివి, ఫిజిక్స్ డిగ్రీలో సీటు వచ్చినా, తండ్రి నడుము పడిపోవడంతో ఇల్లు కదల్లేదు. ఇరవై మూడేళ్ళకు కేంద్రంలో పరిశీలకుడిగా చేరి ముప్పై ఏడేళ్ళు గీశారు. ఆయన సంతకం ఉన్న కాగితాలు పదకొండు వేల పైచిలుకు. ఆదివారం కూడా బొమ్మ అయ్యాకే చర్చికి. ప్రసంగం సగంలో ఆయన వస్తే ఫాదరు ఆపి, "ఏం మాసిలామణీ, సూర్యుడు ఉన్నాడా?" అని అడిగేవాడు. "ఉన్నాడు ఫాదర్, మూడు మచ్చలతో," అని జవాబు చెప్పి కూర్చునేవారు.

కేంద్రం గ్రంథాలయంలో ఆయన తిరగేయని ఫిజిక్స్ పుస్తకం లేదు. కింద యూనివర్సిటీ నుంచి ఎమ్మెస్సీ పిల్లలు ప్రాజెక్టు కోసం వస్తే మొదటి వారం ఆయన దగ్గరే కూర్చునేవాళ్ళు. సూత్రాలన్నీ గడగడా అప్పజెప్పేవాళ్ళు గాని, బింబం ముందు నిలబడితే మచ్చకూ అద్దం మీది దుమ్ముకూ తేడా తెలిసేది కాదు. "అద్దం కాస్త తిప్పి చూడు. దుమ్మయితే దానితోపాటు తిరుగుతుంది. మచ్చయితే నిన్ను పట్టించుకోదు," అనేవారు. ఎవరైనా నిన్నటి కాగితం పక్కన పెట్టుకుని ఇవాళ్టిది గీస్తుంటే మాత్రం ఆయనకు కోపం నషాళానికి అంటేది. "నిన్నటిది బీరువాలో పెట్టు! నిన్న ఏం చూశావో తెలిస్తే ఇవాళ అదే కనబడుతుంది!"

ఆ మనిషి మీదే గీయరాని గీత గీశాడన్న మాట వచ్చింది.

ఆ మాట తెచ్చింది పూంగోదై. ఉసిలంపట్టి పిల్ల, బస్ కండక్టరు కూతురు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం. ప్రశ్న అడగడం మొదలుపెడితే ఎదుటివాడు ఊపిరి తీసుకునేదాకా కూడా ఆగదు. వాళ్ళ ప్రొఫెసర్ తిలకవతిగారు ఒక పథకం పెట్టారు. మా కేంద్రంలో మూలుగుతున్న సూర్యుడి బొమ్మలన్నింటినీ ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి ఉంచుతారు. బడిపిల్లలు, ఇల్లాళ్ళు, రిటైరైన గుమాస్తాలు, ఎవరైనా సరే తెర మీద బొమ్మ చూసి మచ్చలు లెక్కపెట్టి గడుల్లో నింపవచ్చు. ఒక్కో కాగితాన్ని ముగ్గురు వేరువేరుగా లెక్కపెడతారు. నేను రిటైరై రెండేళ్ళయినా పాత బీరువాలు ఎక్కడేమున్నాయో నాకే తెలుసు గనక నన్ను పిలిపించుకున్నారు.

ఒక మంగళవారం పొద్దున పూంగోదై ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది.

"అయ్యా, ఒక కాగితం మూడుసార్లు వెనక్కి వచ్చింది. ముగ్గురూ ఒకటే ఫిర్యాదు. గాలి అంకె గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ ఒప్పుకోవట్లేదట. కాగితం మీద అంకే లేదు."

"రాయడం మరిచిపోయి ఉంటారు."

"పదకొండు వేల కాగితాల్లో ఒక్కసారే మరిచిపోయే మనిషా ఆయన?"

"మనిషన్నాక మరిచిపోడా? నువ్వు నిన్న నీ గొడుగు మరిచిపోలేదా?"

"గొడుగు వారానికోటి పోగొడతాను. అందుకే మరిచిపోయానంటే నమ్మొచ్చు," అంటూ తెర నా వైపు తిప్పింది. "1990 ఫిబ్రవరి 21. ఇదే రోజు పడమటి దేశంలో ఇంకో కేంద్రంవాళ్ళు గీసిన బొమ్మ కూడా చూశాను. ఇదిగో, ఇక్కడ దక్షిణాన ఏడు చిన్న మచ్చల గుంపు. మన కాగితంలో అసలు లేదు."

"చిన్నవి కదా, గాలి బాగోలేదేమో."

"ఇంకోటి కూడా ఉంది. 20వ తేదీ బొమ్మలో ఉన్న నాలుగు గుంపులు 21న ఎంత జరిగాయో కొలిచాను. నాలుగూ సరిగ్గా పదమూడు డిగ్రీలు. ఒక్క వెంట్రుక తేడా లేదు. మధ్యరేఖ దగ్గరివి వేగంగా పోవాలి, పైవి నెమ్మదిగా పోవాలి. అటూ ఇటూ కాస్త జారాలి. సూర్యుడు ఇంత బుద్ధిగా నడవడయ్యా."

నాకు అర్థమైంది. అర్థం కానట్టు నటించాను.

"ఏమంటావు?"

"ఇది చూసి గీసింది కాదు. లెక్కగట్టి గీసింది." ఆ పిల్ల తెర మూసింది. "మా పథకంలో ఒక నియమం ఉంది. చూడకుండా గీశాడని తేలిన పరిశీలకుడి కాగితాలన్నీ పక్కన పెట్టాలి. ఒక్కటి కాదు, అన్నీ. శుక్రవారం మేడమ్‌కి చెప్పాలి నేను."

పదకొండు వేల ఉదయాలు. నాకు ఆ పిల్ల మీద ఎంత కోపం వచ్చిందంటే, ల్యాప్‌టాప్ లాక్కుని లోయలోకి విసిరేద్దామనిపించింది. కాని కళ్ళు తుడుచుకుంటున్నది ఆ పిల్లే.

"ముందు ఆయన్నే అడుగుదాం పద," అన్నాను.

ఆయన ఇల్లు కేంద్రానికి రెండు మలుపుల కింద, బేరికాయ చెట్ల మధ్య. డెబ్భై రెండేళ్ళు వచ్చినా వీపు వంగలేదు. ఆయన భార్య ఎస్తర్ అక్క శొంఠి కాఫీ ఇచ్చింది. పూంగోదై పది వాక్యాలు సిద్ధం చేసుకుని వచ్చిందిగాని ఒక్కటీ పలకలేక తెర చూపించింది. అన్న కళ్ళజోడు పెట్టుకుని తేదీ చదివారు. అంతే, ఇంకేమీ చదవనక్కర్లేకపోయింది ఆయనకు.

"నేనే గీశాను. చూడకుండా గీశాను. రాసుకో పాపా."

"ఎందుకు తాతా?"

"ఎందుకన్నది బొమ్మలో భాగం కాదు." ఒక గుక్క కాఫీ తాగారు. "ఆ పడమటి దేశంవాళ్ళు ఎన్ని గంటలకు గీశారు?"

"ఆ... మన లెక్కలో మధ్యాహ్నం రెండున్నర."

"నాది ఉదయం ఏడుంబావు. మధ్యలో ఏడు గంటలు. ఈ గుంపు అప్పటికి పుట్టిందా, తర్వాత పుట్టిందా?" ముందుకు వంగారు. కళ్ళు మెరిశాయి. "మర్నాడు పొద్దున బింబం పడగానే చూశాను దీన్ని. అప్పటికి తొమ్మిది మచ్చలయ్యాయి. ఆ రోజు నుంచీ ఇదే ప్రశ్న నాకు. ఏడుంబావుకు ఉన్నాయా, లేవా? తూర్పు దేశంవాళ్ళు మనకంటే ముందే గీస్తారు. వాళ్ళ కాగితం దొరుకుతుందా?"

"వెతుకుతాను తాతా! అప్పటికి లేకపోతే మీ కాగితం తప్పు కాదు కదా!"

"కాగితం తప్పే. అవి లేకపోయినా తప్పే. నేను అడిగింది మచ్చల గురించి."

ముప్పై నాలుగేళ్ళు ఒక్కడే మోసిన ప్రశ్నట! తల మీద కొండ విరిగిపడుతుంటే మచ్చలు ఎన్నింటికి పుట్టాయని అడిగే మనిషిని ఏం చేయాలి? నేను అరిచాను. "అన్నా, మీకు మతి ఉందా? శుక్రవారం మీ బతుకంతా తీసి పక్కన పెడతారట! కారణం చెప్పండి!"

ఆయన నావైపు ఒక్కసారి చూసి, "కాఫీ చల్లారిపోతోంది తంబీ," అన్నారు.

మళ్ళీ కేంద్రానికి ఎక్కుతుంటే నాకొక ఉపాయం తట్టింది. గుమ్మటం తలుపు తీసిన వేళ, వేసిన వేళ, ఆకాశం ఎలా ఉందో రోజూ రాసే పుస్తకం ఒకటుంది. రాసింది నేనే. ఆ రోజు మబ్బో పొగమంచో అని అందులో ఉంటే, పాపం చూడలేక గీశాడని కాస్తయినా జాలిపడతారు కదా. స్టోర్‌రూములో బూజు దులిపి 1990 పుస్తకం లాగాను. పూంగోదై పక్కనే నిలబడింది. ఫిబ్రవరి 21. నా కోడిగీతల్లో ఉంది: ఆకాశం నిర్మలం. తలుపు తీసింది 7:05.

తలుపు తీసి ఉంది, ఆకాశం అద్దంలా ఉంది, అయినా ఆయన చూడకుండా గీశాడని నా చేతిరాతే సాక్ష్యం చెబుతోంది. బాగు చేద్దామని వెళ్ళి ఇంకా ముంచాను.

ఇంటికి వచ్చి రాక్కమ్మకు చెప్పుకున్నాను. రాక్కమ్మ నా భార్య. కొండవెల్లుల్లి పాయలు విడదీస్తూ వింటోంది.

"ఏ తేదీ అన్నావ్?"

"తొంభై, ఫిబ్రవరి 21."

చేతిలో వెల్లుల్లి ఆగింది. "మాసి నెల తొమ్మిది. బుధవారం."

"నీకెలా తెలుసు?"

"నన్ను చూడ్డానికి వచ్చిన రోజు మరిచిపోయావా మగడా? మీ అమ్మ, మీ మామ, నువ్వు. పొద్దున తొమ్మిదింటికల్లా పెరియకుళంలో మా వాకిట్లో ఉన్నారు. నువ్వు తిన్న కొళుక్కట్టై కుడుములు ఏడని లెక్కపెట్టింది మా చెల్లెలు."

"మరి 7:05కి తలుపు ఎవరు తీశారు?" అని అడిగాను. రాక్కమ్మను కాదు, నన్ను నేనే.

అప్పుడు గుర్తొచ్చింది. ఒక్కసారిగా కాదు, ముక్కలు ముక్కలుగా. కోతి అద్దం పగలగొట్టినప్పటి నుంచి తలుపు తెరిచే గొలుసు చక్రానికి తాళం వేసేవాళ్ళం. ఆ తాళంచెవి నా దగ్గర. ఆ రోజు సెలవు అడగలేదు, రోజుకూలీకి సెలవేమిటి? చీకటితోనే చెవి అన్న ఇంటి గూట్లో పెట్టి బస్సెక్కాలని అనుకున్నాను. కొత్త చొక్కా హడావిడిలో అలాగే బస్సెక్కేశాను. సాయంత్రం తిరిగొచ్చి జేబులో చెయ్యి పెడితే చెవి. ఆయన ఇంటికి పరుగెత్తాను. "పని అయిపోయిందిలే తంబీ. ఆఫీసులో ఇంకో చెవి ఉంది. పుస్తకంలో 7:05 అని రాసుకో. పిల్ల ఎలా ఉంది?" అన్నారు. నేను సంబరంగా పిల్ల గురించి చెప్పాను. పుస్తకంలో 7:05 అని రాశాను.

రాక్కమ్మ వెల్లుల్లి పక్కకు జరిపింది. "అయితే సూర్యుణ్ణి లోపల పెట్టి తాళం వేసుకుని వచ్చావన్నమాట నన్ను చూడ్డానికి," అంది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "లే. వెళ్ళు ఆయన దగ్గరికి."

అన్న పెరట్లో బేరిచెట్టుకు కర్ర ఆసరా పెడుతున్నారు. వెనక నుంచే అడిగాను. "అన్నా, ఆఫీసులో ఇంకో చెవి ఉండేదా?"

ఆయన కర్ర కట్టడం ఆపలేదు. "లేదు."

"మరి నాతో ఉందని ఎందుకన్నారు?"

"అప్పుడు నువ్వు రోజుకూలీవి. చెవి కొండ దిగిందని తెలిస్తే ఆ పూటే పంపేసేవాళ్ళు. పొంగల్ ముందే ఒకణ్ణి పంపేశారు గుర్తులేదా, నిచ్చెన బయట వదిలేసినందుకు?"

"తాళం పగలగొట్టాల్సింది!"

"పగలగొడితే కొత్త తాళానికి అర్జీ పెట్టాలి. అర్జీలో కారణం రాయాలి."

"మేఘం అని రాసి ఊరుకోవాల్సింది!"

"ఆ రోజు ఆకాశం చూశావుగా నువ్వు కూడా. ఊరంతా చూసింది. నీలంగా ఉన్న ఆకాశాన్ని పట్టుకుని మేఘం అని ఎలా రాస్తాను?"

"ఇదేమైనా చిన్న అబద్ధమా అన్నా?"

అప్పుడు తిరిగారు నావైపు. "పెద్దది. ఆ పొద్దున అది తెలియలేదు. షెడ్డు రేకుకు మేకుతో చిల్లు పెట్టి, సూర్యుణ్ణి గోడ మీద పడేశాను. చిన్న బింబం. రెండు పెద్ద మచ్చలు మసకమసకగా కనిపించాయి, పదమూడు డిగ్రీలు జరిగినట్టే ఉన్నాయి. మిగతావీ అలాగే జరిగి ఉంటాయిలే అనుకున్నాను. పదిహేనేళ్ళ నుంచి చూస్తున్నాను, సూర్యుడు నాకు తెలియకుండా ఏం చేస్తాడులే అనుకున్నాను. అదీ నా తప్పు. నీ చెవి కాదు." చేతులు దులుపుకున్నారు. "అన్నీ రాశాను. గాలి అంకె దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. టెలిస్కోపులో చూడని గాలికి ఏం అంకె వేస్తాను? మర్నాడు బింబంలో ఆ కొత్త గుంపు కనిపించింది. నిన్న నువ్వు నన్ను చూడలేదు కదా అన్నట్టుంది."

"ఇన్నేళ్ళలో ఒక్కసారి చెప్పొచ్చు కదా నాతో."

"నీ ఉద్యోగం పర్మనెంటు అయ్యాక చెబుదామనుకున్నాను. ఈలోగా పిల్లలు పుట్టారు. రాక్కమ్మ ప్రతి క్రిస్మస్‌కి మురుకులు పంపేది. నోరు రాలేదు."

నాకు ఏడుపు వచ్చింది. అరవై రెండేళ్ళవాణ్ణి, బేరిచెట్టు కింద కూర్చుని ఏడ్చాను. నా ఉద్యోగం, నా పెళ్ళి, నా ఇద్దరు పిల్లల చదువులు, అన్నీ ఆ ఒక్క కాగితం మీద నిలబడి ఉన్నాయి. నేనేమో ఆయన వెనక 'చాదస్తం మణి' అని నవ్వినవాణ్ణి. ఆయన అలాగే నిలబడి, "ఇది శుక్రవారం చెప్పకు. కావాలని రాసిన దొంగ వేళ అంటారు, నీ పింఛనుకు ఇబ్బంది," అన్నారు.

"ఈ ఒక్కసారికి మీ మాట వినను," అన్నాను.

శుక్రవారం యూనివర్సిటీలో ప్రొఫెసర్ తిలకవతిగారి గదికి ముగ్గురం వెళ్ళాం. పూంగోదై తను కనిపెట్టింది కనిపెట్టినట్టు చెప్పింది. ఒక్క మాట తగ్గించలేదు. తర్వాత నేను పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాను.

"ఈ 7:05 అబద్ధం మేడమ్. రాసింది నేను. తలుపు ఆ రోజు తెరుచుకోలేదు. చెవి పెరియకుళంలో, నా జేబులో ఉంది." మొత్తం చెప్పాను. కొళుక్కట్టైల సంగతి తప్ప.

మేడమ్ కఠినమైన మనిషి. మెత్తబడలేదు. "అంటే మీ పుస్తకం కూడా నమ్మడానికి లేదు."

"నమ్మొద్దు మేడమ్. అన్నీ సరిచూసుకోండి."

ఆవిడ అన్న వైపు తిరిగింది. "ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"లేవు. కాని లేవన్న నా మాట కూడా తీసుకోకండి," అన్నారాయన. "ఈ పాప కొలిచిన పద్ధతి చాలా బాగుంది. సూర్యుడు మరీ బుద్ధిగా నడిచిన రోజులు ఇంకేమైనా ఉన్నాయేమో మొత్తం వెతికించండి. నాకూ తెలుసుకోవాలని ఉంది."

ఆవిడ పెన్ను మూసి, "నియమం రాసింది నేనే. ఈ పరీక్ష దాటితే నియమాన్ని మళ్ళీ చూద్దాం. దాటకపోతే కాగితాలన్నీ పక్కకే," అంది.

పరీక్షకు నాలుగు నెలలు పట్టింది. పూంగోదై ఇంటర్నెట్‌లో పిలుపు ఇస్తే మచ్చలు లెక్కపెట్టేవాళ్ళలో అరవై మంది ముందుకొచ్చారు. మేఘం అని లేని ప్రతి కాగితాన్నీ దాని ముందు రోజుదానితో, వేరే కేంద్రాల బొమ్మలతో పోల్చారు. ఆ నాలుగు నెలలూ నాకు నిద్ర సరిగా లేదు. అన్న మాత్రం వారానికోసారి ఆ పిల్లకు ఫోను చేసి, "తూర్పు దేశం కాగితం దొరికిందా?" అని అడిగేవారు. ఫలితం ఎంతవరకు వచ్చిందని ఒక్కసారీ అడగలేదు.

ఆవణి నెలలో, అంటే ఆగస్టు చివర, మళ్ళీ అదే గదికి పిలిచారు. బల్ల మీద అసలు కాగితం ఉంది, అంచులు పసుపెక్కి. మేడమ్ సూటిగా చెప్పింది. "తేడా ఉన్న కాగితం ఒక్కటే దొరికింది. ఇదే. మిగతావన్నీ లెక్కలో ఉంటాయి. నియమం మార్చాను."

నేను కుర్చీ పట్టుకున్నాను. అన్న తలూపి, పూంగోదై వైపు చూశారు. ఆ పిల్ల సంచిలోంచి ఇంకో కాగితం నకలు తీసింది.

"నిన్న రాత్రే పంపారు తాతా. తూర్పు దేశంవాళ్ళు. మన వేళ ప్రకారం ఉదయం ఐదూ నలభైకి గీశారు."

ఆయన జేబులోంచి భూతద్దం తీసి కాగితం మీద వంగారు. ఎంతసేపు చూశారో! చివరికి వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టారు.

"ఐదు. అయితే ఉన్నాయి," అన్నారు. ఆ మొహంలో ఓడిపోయిన జాడ ఏమీ లేదు. పోయిన వస్తువు ఇంట్లోనే దొరికినవాడిలా ఉన్నారు. "నేను చిల్లులోంచి చూస్తున్నప్పుడే ఉన్నాయి, పాపా. చూశావా, ఐదు నుంచి ఏడు, మర్నాటికి తొమ్మిది. ఎంత చక్కగా పెరిగిందో!"

కాగితం వెనక వివరం రాయమని మేడమ్ అడిగింది. ఆయన తన పెన్సిలే తీశారు. 'టెలిస్కోపులో చూడలేదు. లెక్కగట్టి గీశాను. ఈ వేళకు దక్షిణాన కనీసం ఐదు మచ్చలు ఉన్నాయి, ఇందులో లేవు,' అని రాసి, సంతకం పెట్టారు. తాళం మాట ఎత్తలేదు. నేను పెన్సిలు లాక్కున్నాను. ఆయన వద్దనేలోపే కింద రాశాను: 'తాళంచెవి నా జేబులో ఉంది. ఇరుళప్పన్.'

ఆయన చదివి, పెదవి విరిచారు. "వేళ రాయలేదేం తంబీ?"

"ఏ వేళ?"

"ఎప్పటి నుంచి ఎప్పటిదాకా ఉందో."

ఉదయం ఐదున్నర నుంచి సాయంత్రం ఆరింటిదాకా అని రాశాను. ముప్పై నాలుగేళ్ళ తర్వాత సరైన వేళ రాసినందుకు భుజం మీద ఒక్కటి చరిచారు. గాలి అంకె గడిలో ఇప్పుడేమైనా వేయమంటారా అని పూంగోదై అడిగితే, వద్దు, ఖాళీగానే ఉండనీ అన్నారు.

ఆ కాగితం ఇప్పుడు ఇంటర్నెట్‌లో రెండు వైపులా కనిపిస్తుంది. గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ ఒప్పుకోదు గనక, ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న అంకెల కింద పూంగోదై కొత్తగా 'చూడలేదు' అన్న మాట ఒకటి చేర్చింది. మాసిలామణి అన్న పదకొండు వేల కాగితాల్లో ఆ మాట మీద నొక్కాల్సిన అవసరం ఒక్కదానికే వచ్చింది.